మిషన్ బాగానే ఉంది, నాజిల్ అరిగింది: 12 వోల్టుల గాలి మిషన్లకు దొరికే నాజిళ్ల మీద సమీక్ష

కారు డిక్కీలో పడి ఉండే 12 వోల్టుల గాలి మిషన్లు చాలామటుకు ఒకే రకంగా మూలపడతాయి. మోటారు ఎప్పటిలాగే రొద పెడుతుంది. గేజులో ముల్లు లేస్తుంది. టైరు మాత్రం లేవదు. వాల్వ్ దగ్గర చెయ్యి పెడితే బుస్సుమని గాలి తగులుతుంది. "మిషన్ పోయింది" అని తేల్చేసి కొత్తదానికి ఆర్డర్ పెట్టేస్తారు. ఆ పోయిందన్న మిషన్‌ని విప్పి చూస్తే చాలాసార్లు పిస్టనూ సిలిండరూ చెక్కుచెదరకుండా ఉంటాయి. పాడైంది పైపు చివరి నాజిల్. అందులోనూ చిటికెన వేలి గోరంత రబ్బరు బుష్.

దానికి బదులుగా బిగించుకునే నాజిళ్లు ఆన్‌లైన్లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లా నాలుగైదు రకాలు దొరుకుతాయి. ధరలో పెద్ద తేడా ఉండదు, సుమారుగా ఒకటి రెండు పంక్చర్లు వేయించినంత. పనితనంలో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. కారూ బైకూ ఉన్న ఇంటికి మెడ దగ్గర తిరిగే ఇత్తడి స్క్రూ నాజిల్ అన్నిటికంటే మంచిది. తొందరే ముఖ్యమనుకునేవాళ్లకి మెటల్ లివర్ రకం ఫర్వాలేదు. ప్లాస్టిక్ లివర్ నాజిల్‌ని మధ్యమధ్యలో మార్చుకునే సరుకుగానే చూడాలి. పంక్చర్ షాపుల్లో వాడే క్లిప్ నాజిల్ కొనేముందు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి, లేకపోతే ఫ్యూజు కాలుతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

మోటారు ఆపి ఉంచి, గాలి సరిగా ఉన్న టైరుకి నాజిల్ తగిలించండి. గేజు ముల్లు టైర్లో ఉన్న ప్రెషర్ దాకా లేచి అక్కడే నిలబడితే లీకు లేనట్టే. నిలబడకుండా దిగిపోతుంటే చెవి పెట్టి వినండి. చప్పుడు వాల్వ్ దగ్గరైతే బుష్ అరిగింది. నాజిల్ వెనకో, పైపు మధ్యలోనో అయితే పైపు తప్పు. మిషన్ ఒంట్లోంచే గాలి పోతున్న చప్పుడొస్తే సిలిండర్ తల దగ్గరుండే పలచటి రీడ్ రేకు సరిగా మూసుకోవడం లేదు. దానికి ఎంత మంచి నాజిల్ తెచ్చి పెట్టినా దండగే.

ఇంకో లక్షణం ఉంది, దీన్ని లీకనుకుని పొరబడతారు. మోటారు నడుస్తుండగా ముల్లు 50 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) చూపించి, ఆపగానే 20కి పడిపోతుంది. ఇక్కడ గాలి ఎక్కడా కారడం లేదు, దారి ఇరుకైంది. నాజిల్ మధ్యలోని పిన్ను వాల్వ్ పిన్నుని పూర్తిగా నొక్కకపోవడంతో గాలి పైపులోనే పోగుపడుతోంది. డిజిటల్ మిషన్లలో ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది: 33 పెడితే 33కి ఠంచనుగా ఆగుతుంది, వేరే గేజుతో కొలిస్తే టైర్లో ఉండేది 28. అది పైపులోని ప్రెషర్ చూసి ఆగిపోయింది మరి.

నాజిల్ తీసేశాక కూడా సన్నగా గాలి పోతుంటే తప్పు టైరు వాల్వ్ పిన్నుది. పంక్చర్ షాపులో తడి వేలు పెట్టి చూస్తారే, అలా వాల్వ్ నోటి మీద ఓ చుక్క నీళ్లు వేసి చూడండి. బుడగ లేస్తే పిన్ను టూల్‌తో కాస్త బిగించండి, రెండు వేళ్ల బలం చాలు. అప్పటికీ బుడగ ఆగకపోతే ఆ పిన్నే మార్చేయాలి.

ప్లాస్టిక్ లివర్ నాజిల్

మిషన్‌తో పాటు ఎక్కువగా వచ్చేది ఇదే. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పైన బొటనవేలితో మడిచే లివర్. లోపల ఏం జరుగుతుందో చూస్తే ఎందుకు పాడవుతుందో తెలిసిపోతుంది. ముందు మూత, మూత వెనక పొట్టి గొట్టంలాంటి రబ్బరు బుష్, దాని వెనక మధ్యలో పిన్ను ఉన్న కడ్డీ. లివర్ మడవగానే దాని మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న భాగం, అదే క్యామ్, ఆ కడ్డీని ముందుకు తోస్తుంది. కడ్డీకీ మూతకీ మధ్య నలిగిన బుష్ పొడవు తగ్గి లోపలికి ఉబ్బుతుంది, వాల్వ్ మరల్ని గట్టిగా పట్టుకుంటుంది. అదే ఊపులో పిన్ను వెళ్లి వాల్వ్ పిన్నుని నొక్కుతుంది. నాజిల్ ఊడకుండా పట్టుకోవడం, గాలి పోకుండా ఆపడం రెండూ ఆ ఒక్క రబ్బరు ముక్క పనే.

వాల్వ్ మరల అంచులు పదునుగా ఉంటాయి. లివర్ పూర్తిగా లేపకుండా నాజిల్‌ని లాగిన ప్రతిసారీ అవి బుష్ లోపలి గోడని గీకుతాయి. దానికి తోడు మన ఎండలు. మే నెలలో ఆరుబయట నిలిపిన కారు డిక్కీలో నాలుగు వేసవులు గడిపిన రబ్బరుని వేళ్ల మధ్య వంచి చూడండి, సన్నటి పగుళ్లు తెరుచుకుంటాయి. గట్టిపడ్డ బుష్ ఉబ్బదు. అందుకే 20 పీఎస్‌ఐ దాకా బాగానే పట్టుకుని, 28, 30 దగ్గరకొచ్చేసరికి నాజిల్ టప్పున ఎగిరిపోతుంది. గాలి కొడుతున్నంతసేపూ చేత్తో నొక్కి పట్టుకోవాల్సి వస్తోందంటే బుష్ పని అయిపోయిందన్నమాట.

దీన్ని కొన్నాళ్లు సాగదీయొచ్చు. ముందున్న మూతని ఎడమకి తిప్పితే ఊడివస్తుంది. బిగుసుకుపోయి ఉంటే దానికి గుడ్డ చుట్టి ప్లయర్‌తో పట్టుకోండి. బుష్ బయటికి తీసి రెండు చివర్లూ చూడండి. రెండూ ఒకేలా ఉన్న సాదా గొట్టమైతే తిరగేసి పెట్టండి, అరగని వైపు వాల్వ్‌కి వస్తుంది. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉండే రకమైతే తిరగేస్తే కుదరదు, కొత్తదే వెయ్యాలి. విప్పేటప్పుడు కడ్డీ ఏ వైపు చూస్తోందో ఫోన్‌తో ఓ ఫోటో తీసి పెట్టుకోండి. కడ్డీని తలకిందులుగా పెడితే పిన్ను పైపు వైపు తిరిగిపోతుంది. అప్పుడు నాజిల్ వాల్వ్ మీద చక్కగా కూర్చుంటుంది, గాలి మాత్రం ఒక్క చుక్క వెళ్లదు.

కొత్త బుష్ లోపల సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. ఇంజిన్ ఆయిల్, బేరింగ్ గ్రీజు రాయకండి. బుష్ ఈపీడీఎమ్ రబ్బరుదైతే పెట్రోలియం నూనె తగిలాక ఉబ్బి మెత్తబడిపోతుంది. నైట్రైల్ రబ్బరైతే నూనెని తట్టుకుంటుంది కానీ, రెండూ నల్లగానే ఉంటాయి, కంటితో చూసి చెప్పలేం.

బుష్ మారినా పట్టు దొరకకపోతే లివర్ కీలు చూడండి. సన్నటి ఉక్కు పిన్ను ప్లాస్టిక్ రంధ్రంలో ఆడీ ఆడీ ఆ రంధ్రం కోలగా అయిపోతుంది. లివర్ పూర్తిగా మడిచినా క్యామ్ ఒక మిల్లీమీటరు తక్కువ తోస్తుంది. ఆ ఒక్క మిల్లీమీటరుతోనే పట్టు పోతుంది. దీనికి రిపేరు లేదు. ఎం-సీల్ పెట్టి నింపడం లాంటివి కాలక్షేపానికి తప్ప పనికి రావు.

మెటల్ లివర్

ఇదే పనితీరు, ఒళ్లు మాత్రం లోహం. కీలు అరగదు, బుష్ విడిగా మార్చుకోవచ్చు. బంగారు రంగులో మెరిసేదంతా ఇత్తడి కాదని మాత్రం గుర్తుంచుకోండి. ఎక్కువ భాగం జింక్ అల్లాయ్‌కి పూత పోసినవి. అయస్కాంతంతో తేలదు, ఇత్తడీ అంటుకోదు, జింకూ అంటుకోదు. కనిపించని మూల ఆకురాయితో ఒక్క గీత గీయండి: లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి, తెల్లగా తేలితే జింక్. జింక్ అయినంత మాత్రాన పారేయనక్కర్లేదు, గాలికి అది చాలు. కానీ కింద పడితే లివర్ చెవులు విరిగేది దానివే.

దీని బరువు ఇంకో తలనొప్పి. కార్లకు సాధారణంగా ఉండేది చక్రం రంధ్రంలోకి లాగి కూర్చోబెట్టే రబ్బరు వాల్వ్. దాని మొదట్లో ముసలి రబ్బరు ఉంటే, బరువైన నాజిలూ బిరుసు పైపూ కలిసి పక్కకి వంచినప్పుడు అక్కడ పగులు విచ్చుకుంటుంది. మిషన్‌ని చక్రానికి దగ్గరగా నేల మీద పెట్టి పైపుని వదులుగా వదలండి, వాల్వ్‌కి వేలాడనివ్వకండి.

స్క్రూ నాజిల్

మన బండ్ల టైర్లకుండే మామూలు వాల్వ్‌ని ష్రేడర్ వాల్వ్ అంటారు. దాని బయటి మర అన్ని చోట్లా ఒకటే: సుమారు 7.7 మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళానికి 32 చుట్లు. కారైనా, స్కూటరైనా, బుల్లెట్టైనా అదే. కాబట్టి స్క్రూ నాజిల్ కొనేటప్పుడు వాల్వ్ వైపు కొలత గురించి బెంగ అక్కర్లేదు. మన పాత సైకిళ్లకుండే ఉడ్స్ వాల్వ్‌కీ, కొన్ని గేర్ సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వ్‌కీ మాత్రం మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి.

ఇది ఎందుకు మేలంటే, ఇందులో పట్టు వేరు, సీలు వేరు. ఊడకుండా పట్టుకునేది ఇత్తడి మర. రబ్బరు వాషర్ చేసేదల్లా వాల్వ్ అంచుకి అదుముకుని ఉండటం. రబ్బరు కాస్త గట్టిపడినా మర ఇంకో పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. 30 దగ్గర ఎగిరిపోవడం అనే మాటే లేదు.

పాత స్క్రూ నాజిల్ ఉంటే ఎండ వెలుతురులో దాని నోట్లోకి చూడండి. మధ్యలో పిన్ను, దాని చుట్టూ ఉంగరంలా నల్లటి వాషర్. ఆ వాషర్ మీద వాల్వ్ అంచు అదిమిన గుండ్రటి గాడి ఒకటి అచ్చుగుద్దినట్టు ఉంటుంది. గాడి పైపైన ఉంటే ఇంకా పనికొస్తుంది. సగం మందం దాకా దిగినా, గాడి ఒక పక్క లోతుగా ఒక పక్క పైకి ఉన్నా మార్చాలి. సన్నటి సూది మొనతో ఒక అంచు లేపితే వాషర్ బయటికొస్తుంది. కొత్తది దొరక్కపోతే బైకు పాత ట్యూబు ముక్కలోంచి అదే కొలతకి కోసుకోవచ్చు. ట్యూబు రబ్బరు గాలిని ఆపడానికే పుట్టింది. మందం మాత్రం పాతదాన్ని మించకూడదు. "గట్టిగా ఉంటుంది కదా" అని రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి వేస్తే సీలు అద్భుతంగా వస్తుంది, కానీ వాల్వ్ నోరు అంత మేరా వెనక్కి జరిగి పిన్ను అందదు. మోటారు నడుస్తుంటే 50, ఆపితే 20 అనే జబ్బు చాలాసార్లు ఇలా తెచ్చుకున్నదే.

లోపాలూ ఉన్నాయి. విప్పేటప్పుడు వాషర్ వదిలాక కూడా పిన్ను ఒకటి రెండు చుట్ల పాటు నొక్కే ఉంటుంది, ఆ కాసేపూ గాలి పోతుంది. కారు టైర్లో అది లెక్కలోకి రాదు. స్కూటర్ టైర్లో గాలి పరిమాణమే తక్కువ కాబట్టి తేడా తెలుస్తుంది. ఒకటి రెండు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టి, చకచకా విప్పి, విడి గేజుతో సరిచూసుకోండి. రెండోది, ఇత్తడి వేడెక్కుతుంది. పది నిమిషాలు నడిచిన మిషన్ నాజిల్‌ని ఒట్టి చేత్తో విప్పబోతే వేళ్లు చురుక్కుమంటాయి. మూడోది చోటు. స్కూటర్ చిన్న చక్రాల్లో హబ్‌కీ వాల్వ్‌కీ మధ్య వేళ్లు దూరడమే కష్టం, అక్కడ చుట్లు తిప్పడం ఇంకా కష్టం. వంపు తిరిగిన 90 డిగ్రీల ఇత్తడి ఎక్స్‌టెన్షన్ ఒకటి డిక్కీలో ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది. పని అయ్యాక దాన్ని తీసేయండి. కొన్ని కార్లలో టైర్ ప్రెషర్ సెన్సర్ ఉన్న వాల్వ్ కాడ అల్యూమినియంది. దానికి ఇత్తడి ముక్కని నెలల తరబడి వదిలేస్తే, వానలో తడిసి ఇత్తడి తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోయి రెండూ పట్టేస్తాయి. విప్పబోతే కాడే విరుగుతుంది, సెన్సరుతో సహా పోతుంది.

కొనేటప్పుడు ఒకటే పరీక్ష. నాజిల్ వెనక భాగాన్ని ఒక చేత్తో పట్టుకుని ముందున్న మర రింగుని ఇంకో చేత్తో తిప్పండి. రింగు ఒక్కటే తిరిగితే మెడ తిరిగే రకం, తీసుకోండి. మొత్తం కలిసి తిరిగితే వదిలేయండి. దాన్ని బిగించినన్ని చుట్లూ పైపు కూడా మెలి తిరగాలి, విప్పినప్పుడు వెనక్కి మెలి విప్పుకోవాలి. ఆర్నెల్లలో క్రింప్ (పైపుని నాజిల్‌కి నొక్కి పట్టే రింగు) దగ్గర పైపు చిట్లుతుంది.

క్లిప్ నాజిల్, దాంతో వచ్చే చిక్కు

పంక్చర్ షాపులో వాల్వ్ మీద అదిమి వదిలేస్తే పట్టుకుని ఉండే ఇత్తడి నాజిల్ చూసే ఉంటారు. అది చూసి ముచ్చటపడి ఇంటి మిషన్‌కీ అదే కొందామనిపిస్తుంది. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో సొంత వాల్వ్ ఉంటుంది, టైరుకి తగిలించనంతసేపూ గాలి బయటికి రాదు. దీన్ని మూసినది అంటారు. రెండోదానిలో అలాంటిదేమీ లేదు, గాలి వచ్చినట్టే వెళ్లిపోతుంది. అది తెరిచినది. అట్ట మీద క్లోజ్డ్ అనో ఓపెన్ అనో రాసి ఉంటుంది. రాయకపోతే వెనక నుంచి నోటితో ఊదండి. గాలి సాఫీగా ముందుకొస్తే తెరిచినది.

షాపులో ట్యాంకు ఉంది, గాలి నిలవ ఉంటుంది, కాబట్టి మూసిన రకం కావాలి. 12 వోల్టుల మిషన్‌కి ట్యాంకు లేదు. పిస్టన్ తోసిన ప్రతి గుక్కా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మూసిన నాజిల్ పెట్టి, టైరుకి తగిలించకుండా స్విచ్ వేస్తే కొన్ని సెకన్లలో పైపులో ప్రెషర్ వంద పీఎస్‌ఐ దాటుతుంది, మోటారు మీద బరువు పడి కరెంటు ఎగబాకుతుంది. కారు 12 వోల్టుల సాకెట్‌కి మామూలుగా ఉండే ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లది. అది కాలితే అదృష్టం, లేకపోతే పైపు క్రింప్ దగ్గర ఊడి కొరడాలా కొడుతుంది. ట్యాంకు లేని మిషన్‌కి ఎప్పుడూ తెరిచిన రకమే. ట్రిగ్గర్, గేజు ఉన్న పిస్టల్ గన్ చివర కూడా తెరిచినదే పెట్టాలి. గాలిని ఆపే వాల్వ్ గన్‌లోనే ఉంది, టైరు గాలి వెనక్కి గేజు దాకా వస్తేనే కొలత తెలుస్తుంది.

కన్వర్టర్ ముక్కలు

ఉన్న స్క్రూ నాజిల్‌కే బిగించి దాన్ని లివర్ రకంగా మార్చే చిన్న ముక్కలు ఆన్‌లైన్లో కుప్పలు. పైపు కోయనక్కర్లేదు, అదొక్కటే లాభం. ఉన్న కీళ్లకి తోడు ఇంకో రెండు కీళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రబ్బరు, పైగా వాల్వ్ మీద ఇంకాస్త బరువు. అత్యవసరానికి ఒకటి ఉంటే తప్పు లేదు. రోజూ వాడటానికి మార్కులు వెయ్యలేం.

నాజిల్ మార్చే పని

చిన్న మిషన్ల పైపు చివర నాజిల్‌ని అల్యూమినియం రింగుతో నొక్కేసి ఉంటుంది, అదే క్రింప్. అది విప్పే వస్తువు కాదు. పీకితే పైపు లోపలి పొర చిరుగుతుంది. మిషన్ ప్లగ్గు తీసి, చల్లారాక, క్రింప్ వెనక ఒక సెంటీమీటరు వదిలి కొత్త బ్లేడుతో సరిగ్గా అడ్డంగా కోసేయండి. కటింగ్ ప్లయర్ వాడితే అంచు కోడిగుడ్డులా నలిగి లీకు అక్కడే మొదలవుతుంది. పోయేది మూడు నాలుగు సెంటీమీటర్ల పైపే.

ఇక కొలత. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్ల వెనక కొసలు వాడండి. 5 మిల్లీమీటర్ల బిట్ లొడలొడలాడి, 6 బిగువుగా దూరితే అది 6 పైపు. కొత్త నాజిల్ వెనక పైపులోకి దూరే సన్నటి గొట్టాన్ని నిప్పుల్ అంటారు, దాని మీద గట్లుంటాయి. గట్ల దగ్గర దాని లావు పైపు లోపలి వ్యాసం కంటే అర నుంచి ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. సమానంగా ఉంటే క్లిప్పు ఎంత బిగించినా వేడికి జారుతుంది. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే పైపు అంచు చీలుతుంది.

క్లిప్పుని ముందే పైపుకి తొడగండి. నాజిల్ మొత్తం ఎక్కించాక క్లిప్పు చేతిలో మిగిలిపోవడం ఈ పనిలో అందరికీ ఒక్కసారైనా జరిగేదే, మళ్లీ పీకితే కోసిన అంచు పాడవుతుంది. పైపు చివర రెండు సెంటీమీటర్లు వేడినీళ్లలో అర నిమిషం ముంచి, నిప్పుల్‌కి సబ్బునీళ్లు రాసి, నేరుగా తోయండి. గట్లన్నీ లోపలికి పోవాలి. లైటర్‌తో వేడిచేసే అలవాటు మానుకోండి: మంటకి పైపొర మెరుస్తూ పలచబడుతుంది, లోపలి దారం కాలుతుంది, పగలడం తర్వాతెప్పుడో పగులుతుంది. నూనె రాస్తే సులువుగా ఎక్కుతుంది, అంతే సులువుగా ఊడుతుంది కూడా.

స్క్రూతో బిగించే మామూలు హోస్ క్లిప్పులు ఇంత సన్నటి పైపుకి సరిగా కూర్చోవు. పెద్ద వ్యాసానికి చేసిన పట్టీ చిన్న వ్యాసానికి ముడుచుకునేసరికి స్క్రూ పెట్టె కింద ఖాళీ మిగులుతుంది, లీకు అటు నుంచే. ఒంటి చెవి క్లిప్పు గానీ, బోల్టుతో బిగించే మినీ క్లిప్పు గానీ తీసుకోండి. పైపు అంచుకి మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక, గట్ల మీదుగా పడేలా పెట్టాలి. ఒంటి చెవి క్లిప్పుని పిన్సర్‌తో నొక్కితే చెవి రెండు కాళ్లూ దగ్గరికొస్తాయి, అక్కడితో ఆపేయాలి. కేబుల్ టైలు వద్దు, వేడికి సాగుతాయి. ఫెవిక్విక్ అసలే వద్దు. రబ్బరు దగ్గర అది గాజులా పెళుసెక్కి రాలుతుంది, రాలిన ముక్కలు పిన్ను దగ్గర ఇరుక్కుంటాయి. కొందరు వాల్వ్ మర మీద టెఫ్లాన్ టేపు చుట్టి లీకు ఆపాలని చూస్తారు. అక్కడ గాలి ఆపేది వాషర్, మర కాదు. చిరిగిన టేపు పోగులు వాల్వ్‌లోకి పోతే మంచి టైరుకి కొత్త లీకు వస్తుంది.

పరీక్ష ఇలా. టైరుకి తగిలించి 35 దాకా కొట్టి, మోటారు ఆపి, నాజిల్ తీయకుండా ఉంచండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో నురగొచ్చేలా కలిపి క్లిప్పు మీద, నాజిల్ మెడ మీద, వాల్వ్ దగ్గర రాయండి. రెండు నిమిషాల్లో బుడగలు లేకుండా, ముల్లు దిగకుండా ఉంటే పని అయినట్టే. మెడ తిరిగే చోట అడపాదడపా ఒక చిన్న బుడగ వస్తే ఫర్వాలేదు. క్లిప్పు దగ్గర వస్తే ఊరుకోకండి, అది వేడెక్కాక పెద్దదవుతుంది. కొలత చూశాక ఆ 35ని కారు తలుపు మీద అంటించిన ప్రెషర్ దాకా దించుకోవడం మర్చిపోకండి.

పైపు రెండో చివర

నాజిల్ మార్చినా ఆర్నెల్లలో మళ్లీ పైపు ఊడిందంటే అది మిషన్ వైపు కొస అయి ఉంటుంది. అక్కడ వేడి ఎంతో లెక్కేసి చూడండి: 30 డిగ్రీల గాలిని 33 పీఎస్‌ఐ దాకా, వేడి ఎటూ పోనివ్వకుండా నొక్కితే దాని ఉష్ణోగ్రత సుమారు 150 డిగ్రీలకి చేరుతుంది. నిజంగా కొంత వేడి సిలిండర్ రెక్కల్లోంచి పోతుంది కాబట్టి అంత రాదు. అయినా మొదటి అంగుళం పైపు పడే బాధ అర్థమవుతుంది. అందుకే సిలిండర్ తల నుంచి బయల్దేరే చోట పైపు నల్లబడి మెత్తగా ఉందేమో చూసి, ఉంటే అక్కడా మూడు సెంటీమీటర్లు కోసి మళ్లీ ఎక్కించండి. మొత్తం పైపు మార్చాల్సి వస్తే దారం అల్లిన రబ్బరు పైపే తెచ్చుకోండి. తాపీ మేస్త్రీలు వాడే తెల్లటి లెవెల్ పైపు చవగ్గా దొరుకుతుంది, సరిగ్గా దూరుతుంది కూడా. లోపల దారం అల్లిక లేని ఆ పైపు వేడికి మెత్తబడి బుడగలా ఉబ్బి, ఫట్‌మంటుంది.

బ్యాటరీతో నడిచే చేతి మిషన్లలో పైపు మిషన్ ఒంట్లోకి మరతో బిగుస్తుంది, ఆ మొదట్లో చిన్న ఓ-రింగు ఉంటుంది. లీకు అక్కడైతే పైపు కొనక్కర్లేదు, ఓ-రింగు మారిస్తే చాలు. ఆ మర కొలత కంపెనీకో రకం, ఫోటో చూసి ఆర్డర్ పెడితే తప్పకుండా ఇంకోటి వస్తుంది.

ట్యాంకు ఉన్న మిషన్, అమెరికా నాజిల్

24, 50 లీటర్ల ట్యాంకు కంప్రెసర్ ఉన్నవాళ్లకి నాజిల్ అరిగితే లెక్క వేరు. మన దగ్గర వీటి ఫిట్టింగులు ఎక్కువగా పావించీ బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణం) మరవి, చుట్లు తిప్పకుండా తగిలించి తీసే క్విక్ కప్లర్ నిట్టో అనే రకానిది. కప్లర్ మీద రాసిన అక్షరాలు చదవడం వస్తే షాపులో సగం పని అయిపోతుంది. ఎస్ అంటే ఆడ ముక్క, పీ అంటే మగ ముక్క. రెండో అక్షరం ఎమ్ అయితే బయట మర, ఎఫ్ అయితే లోపల మర, హెచ్ అయితే రబ్బరు పైపు నిప్పుల్, పీ అయితే నట్టుతో బిగించే పీయూ (పాలియురేథేన్) పైపుకి. పీపీ20 అంటే 8 బై 5 మిల్లీమీటర్ల పీయూ పైపుకి, పీపీ30 అంటే 10 బై 6.5కి.

అమెరికా నుంచి వచ్చేటప్పుడు అక్కడి ఇన్‌ఫ్లేటర్ గన్ సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. దాని మర పావించీ ఎన్‌పీటీ, అంటే అమెరికా ప్రమాణం. ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, కోణం 60 డిగ్రీలు. బీఎస్‌పీకి 19 చుట్లు, కోణం 55. రెండూ చూడ్డానికి కవలలు. ఒకదాన్ని ఇంకోదానిలో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా పోయి బిగుసుకుంటుంది, బాగా కూర్చుందనిపిస్తుంది. టేపు ఎంత చుట్టినా కారుతూనే ఉంటుంది, బలంగా తిప్పితే ఇత్తడి మర నలిగిపోతుంది. 8 బార్ల ప్రెషర్ ఉండే ట్యాంకుకి అలా బిగించి వదిలేయడం ప్రమాదం కూడా. ఎన్‌పీటీ నుంచి బీఎస్‌పీకి మార్చే ఇత్తడి అడాప్టర్ అడిగి తీసుకోండి. మొన వైపు సన్నబడే మరకి టెఫ్లాన్ టేపు మొదటి చుట్టు వదిలి, మర బిగిసే దిశలోనే మూడు నాలుగు చుట్లు చాలు. విప్పే ముందు ట్యాంకు వాల్వ్ మూసి, పైపులో మిగిలిన గాలి వదిలేయాలి.

షాపుకి వెళ్లేటప్పుడు "గాలి మిషన్ నాజిల్" అని నోటితో అడిగితే చేతికి అందింది ఇస్తారు. కోసిన పాత ముక్కని, క్రింప్‌తో, ఒక అంగుళం పైపుతో సహా జేబులో వేసుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి. నిప్పుల్‌ని అక్కడే ఆ పైపు ముక్కలోకి దూర్చి చూసుకుని, మెడ తిరుగుతోందో లేదో తిప్పి చూసుకుని, నాలుగు వాషర్లు అదనంగా అడిగి తెచ్చుకోండి.